దొరసాని దూకలేదు

"నువ్వు ఊరికే ఇంట్లోనే ఉంటావుగా, కాస్త వెళ్ళి తాళం తీసి చూపించు."

ముప్ఫై నాలుగేళ్ళలో మా ఆయన రెజిస్ నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదే. మా ఊరు మోంఫెరోల్‌లో కొండవాలున ఎనిమిది వందల ఏళ్ళ నాటి చిన్న చర్చి ఉంది. దాని తలుపుకి ఒక రేకుముక్క కొట్టి ఉంటుంది: "తాళంచెవికి వెసాద్ గారింట్లో అడగండి." వెసాద్ గారిల్లంటే నేనే. చూడ్డానికొచ్చేవాళ్ళకి ఏం మాయో తెలీదు, సరిగ్గా మేం భోజనానికి కూర్చున్నప్పుడే గంట కొడతారు. సూప్ గిన్నె మూసి, తడిచేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని వాళ్ళ వెంట ఎక్కుతాను. గోడ మీద బొమ్మల్లో ఏ సాధువు ఎవరో చెబుతాను, బెంచీల మీద గబ్బిలాల రెట్ట తుడుస్తాను, పిల్లలు కొవ్వొత్తులు పీకకుండా కాపలా కాస్తాను. "మీరు గైడా?" అని అడుగుతారు కొందరు. "కాదండీ, తాళం మనిషిని" అంటాను. దిగి వచ్చేసరికి మా ఆయన చీజ్ ముక్క కూడా పూర్తిచేసి, నా సూప్ చల్లారిపోయిందని జాలిపడతాడు. వేడిచేసిపెట్టాలన్న ఆలోచన మాత్రం ఆయనకి రాదు.

నాకు ముందు ఈ పని మా అత్తగారిది. మోకాళ్ళు పట్టేసి ఆవిడ ఇక కొండెక్కలేనని తేలిన రోజున ఆ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది వెసాద్ ఇంటి ఆడవాళ్ళ గౌరవం, అమ్మాయ్" అంది. ఆ గౌరవం అరకిలో బరువుంటుంది. నా ఆప్రాన్ జేబులన్నీ దాని వల్లే చిరిగాయి, కుట్టుకున్నదీ నేనే.

వెసాద్ ఇంటి మగవాళ్ళ గౌరవం వేరే ఉంది. రెజిస్ మోంఫెరోల్ మిత్రమండలికి అధ్యక్షుడు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం పాతికమందినో ముప్ఫైమందినో వెంటబెట్టుకుని శిథిలమైన కోట చూపిస్తూ కొండ కొసకి తీసుకెళ్తాడు. అక్కడ ఒక పెద్ద బండ లోయలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని మీద నిలబడితే కింద నది, అవతల గడ్డిమైదానాలు, వాటికి పైన కంతాల్ కొండలు వరసగా కనిపిస్తాయి. మబ్బు లేని రోజున ఎంతసేపు చూసినా తనివి తీరదు. మా ఆయన మాత్రం ఎప్పుడూ ఆ దృశ్యానికి వీపు పెట్టే నిలబడతాడు. ఆయన చూడాల్సింది జనాన్ని కదా. నేను మూడో వరసలో నిలబడతాను. ఏ రాజు, ఏ సంవత్సరం అన్నది ఆయన నోటికి రానప్పుడు నావైపు చూస్తాడు, నేను పెదాలు కదిపి అందిస్తాను. అందుకుని, అప్పుడే తనకి తట్టినట్టు చెబుతాడు. గొంతు మాత్రం మంచి గొంతు, కాదనను.

ఆ బండని దొరసాని బండ అంటారు. దాని కథ ఆయనకి ప్రాణం. కోట దొర యుద్ధానికి వెళ్తాడు. రెండేళ్ళకి తిరిగొస్తాడు. ఎవరో చెవిలో ఏదో ఊదుతారు. దొరసాని గిల్బెర్త్ ఒక్క మాట మాట్లాడదు, తన శీలానికి ఆ దేవుడే సాక్షి అని, తెల్లని బట్టలు కట్టుకుని ఈ బండ మీంచి దూకేస్తుంది. దొర విలపిస్తాడు. ఆమె పడ్డ చోట ఇప్పటికీ తెల్లపూలు పూస్తాయి. "తరతరాలుగా మా వంశంలో నోటినుంచి నోటికి వచ్చిన కథ ఇది" అని ముగిస్తాడు రెజిస్. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. మొగుళ్ళు వాళ్ళ భుజాల చుట్టూ చేతులు వేస్తారు. నేను కూడా మొదటి ఏళ్ళలో తుడుచుకున్నాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పన్నెండేళ్ళ కిందట ఆయన కథని చిన్న పుస్తకంగా వేద్దామనుకున్నాడు. "దొరసాని చనిపోయిన తేదీ ఒకటి దొరికితే బావుంటుంది. నువ్వెలాగూ గురువారాలు ఒరియాక్ వెళ్తావు సరుకులకి, ఆ పాత కాగితాల ఆఫీసులో ఓసారి అడుగు" అన్నాడు. అడిగాను. వాళ్ళు ఒక రిజిస్టరు నా ముందు పెట్టారు. అందులో ఒక్క అక్షరం కూడా నాకు అర్థం కాలేదు. కోడి కాళ్ళతో గీకినట్టుంది ఆ రాత. అక్కడే పాత రాతలు చదవడం నేర్పే తరగతి ఉందంటే చేరాను. బడి వంటశాలలో పిల్లలకి వడ్డించే ఉద్యోగం నాది, గురువారం మధ్యాహ్నాలు ఖాళీ. రెండేళ్ళు పట్టింది చదవడం రావడానికి. వచ్చాక మాత్రం ఎవరూ నన్ను ఆపలేకపోయారు. ఆ గదిలో కూర్చుంటే "సొలాంజ్, నా కళ్ళజోడేది" అని పిలిచేవాళ్ళు లేరు. మూడు వందల ఏళ్ళ కిందటి మనుషులు నాతో మాట్లాడుతున్నారు, అదీ నన్ను ఏమీ తెమ్మని అడక్కుండా. నాకంటూ ఒక బుర్ర ఉందని యాభై దగ్గరపడ్డాక అక్కడ తెలిసింది నాకు.

దొరసాని చావు తేదీ దొరికింది. దూకిందని చెప్పే ఏడు 1698. ఆమెని పూడ్చిపెట్టింది 1729లో. ముప్ఫై ఒక్క ఏళ్ళ తేడా. నేను తప్పు చదివాననుకుని అక్కడ పనిచేసే ఆవిడకి చూపించాను. ఆవిడా అదే చదివింది. "దొరసాని గిల్బెర్త్, తన పిండిమరలో, రొమ్ము పడిశంతో, చర్చి సంస్కారాలన్నీ అందుకుని." ఆ రోజు బస్సులో ఇంటికొస్తుంటే నవ్వాగలేదు నాకు.

తర్వాత మిగతాది ఒక్కొక్కటే బయటపడింది. సాఫ్లూర్ కోర్టులో ఆమె వేసిన దావా దొరికింది. దొర యుద్ధానికి వెళ్ళిన మాట నిజమే, తిరిగొచ్చాక ఆమెని గుర్రపు కొరడాతో కొట్టిన మాటా నిజమే, ఇద్దరు పనమ్మాయిలు సాక్ష్యం చెప్పారు. ఆమె పుట్టింటివాళ్ళు ఇచ్చిన పిండిమరని ఆమెకి చెప్పకుండా తాకట్టు పెట్టాడు. ఆమె ఏ బండ మీంచీ దూకలేదు. మార్చి నెలలో పట్టపగలు, రెండు కంచరగాడిదల మీద సామాను వేసుకుని, కోట ముందువాకిలి గుండానే నడిచి వెళ్ళిపోయింది. కోర్టు ఆమెని వేరుగా ఉండనిచ్చింది, మర తిరిగి ఇప్పించింది. ఆ మర నడుపుకుంటూ చచ్చేదాకా నదిపక్కన బతికింది. మరి దూకిన కథ ఎక్కడిదంటే, అదీ దొరికింది. 1874లో రెజిస్ ముత్తాతగారి నాన్న ఊళ్ళో సత్రం పెట్టాడు. ఆ సత్రం ప్రకటన కాగితంలో, "వేడి సూపు, శుభ్రమైన పక్కలు, దుఃఖిని దొరసాని దూకిన బండకి గాడిద సవారీ" అని ఉంది. అంతకు ముందు ఆ కథ ఎక్కడా లేదు. వెసాద్ వంశంలో తరతరాలుగా వచ్చిన మాట మాత్రం అబద్ధం కాదు.

కాగితాలన్నీ నకళ్ళు తీయించి, శుభ్రంగా టైపు చేసి, ఒక శనివారం పొద్దున కాఫీతో పాటు రెజిస్ ముందు పెట్టాను. ఆయన మొదటి పేజీ తిప్పాడు, రెండోది తిప్పలేదు.

"ఇదేంటి, దూకలేదా?"

"లేదు. కోర్టుకెళ్ళింది. గెలిచింది కూడా."

"సొలాంజ్," అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు, "రొమ్ము పడిశంతో చచ్చిన ముసలమ్మని చూడ్డానికి ఎవరైనా కొండెక్కుతారా?"

"నిజం అది."

"నిజమేలే, ఎవరు కాదన్నారు? అట్టపెట్టెలో పెట్టు. తేదీ ఏదో దొరికిందన్నావు, అది మాత్రం ఇవ్వు. పుస్తకానికి వెనక ఆధారాలు ఉన్నట్టుంటుంది."

పెట్టాను అట్టపెట్టెలో. ఎందుకు పెట్టానంటారా? అలవాటు. చెప్పిన చోట పెట్టడం నాకు అలవాటు. కానీ ఆ తర్వాత ఆదివారాలు బండ దగ్గర మూడో వరసలో నిలబడ్డం కష్టమైపోయింది. ఆయన గొంతు వణికించి, "ఒక్క మాట మాట్లాడలేదు ఆ మహాతల్లి" అన్నప్పుడల్లా నాకు ఆ దావా కాగితం కళ్ళ ముందు కనిపించేది. పద్నాలుగు పేజీలు మాట్లాడింది ఆ మహాతల్లి. మొగుడి పేరు పెట్టి, తేదీలు పెట్టి, ఏ చెంప మీద కొట్టాడో కూడా చెప్పింది. ఆమె గెలుపుని ఆమె నోట్లోంచి లాక్కుని, తెల్లబట్టలు కట్టి, ప్రతి ఆదివారం మా ఆయన ఆమెని ఆ బండ మీంచి తోసేస్తున్నాడు. జనం ఆయనకి చప్పట్లు కొడుతున్నారు. నేను సంవత్సరాలు అందిస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట ఒకసారి నోరు జారాను. లియోన్ నుంచి వచ్చిన ఒకావిడ, "అయ్యో పాపం, నిజంగా దూకిందా?" అని నన్నే అడిగింది. "దూకలేదండీ, కాగితాలున్నాయి" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. రెజిస్ పెద్దగా నవ్వాడు. "మా ఆవిడండీ. బడి వంటశాలలో చేస్తుంది. కాగితాలంటే మహా ఇష్టం. ఆవిడ చేతిలో పెడితే దొరసాని చేత కూడా క్యారెట్లు తరిగిస్తుంది!" అన్నాడు. ముప్ఫైమందీ గొల్లున నవ్వారు. లియోన్ ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, అదే నాకు ఇప్పటికీ మండేది. ఇంటికొచ్చి "అంత మాట ఎందుకన్నావు" అంటే, "హాస్యమాడితే కూడా తప్పేనా? నీకు ఈ మధ్య అన్నీ తప్పుగానే కనిపిస్తున్నాయి" అన్నాడు. ఆ రోజు నుంచి నేను పళ్ళు నూరడం మొదలుపెట్టాను. పళ్ళ డాక్టరు చెప్పాడు, నిజంగానే అరిగాయని.

పుస్తకం పోయిన వసంతంలో వచ్చింది. అట్ట మీద దొరసాని గాలిలో ఉంది. కింద రెజిస్ వెసాద్ అని పెద్ద అక్షరాలు. కోట గోడల గురించి, చర్చి బొమ్మల గురించి, ఊరి పాత పేర్ల గురించి అరవై పేజీలు నేను రాసినవే, ఒక్క వాక్యం కూడా మార్చలేదు. లోపలి పేజీలో, "ఓపికగా టైపు చేసిన నా భార్యకి" అని ఉంది. అక్కడ పేరు కూడా లేదు. పుస్తకం విడుదల రోజున మేయర్ ఆర్మాన్ నా రెండు చెంపలకీ ముద్దుపెట్టి, "ఇలాంటి పండితుడితో కాపురం చేయడం అదృష్టమమ్మా" అన్నాడు. "అవునండీ, మీరు చీజ్ తీసుకోండి" అన్నాను.

ఆ రాత్రంతా నేను ఏడవలేదు. ఏడుపు వచ్చుంటే ఇదంతా జరిగేది కాదేమో. నాకు కోపం వచ్చింది. అది మర్నాడు కూడా ఉంది, ఆ మర్నాడు కూడా. బట్టలు మడతపెడుతున్నా ఉంది, గుడ్లు గిలక్కొడుతున్నా ఉంది. ఎవరికీ కనిపించలేదు, నా వంట మాత్రం బాగా కుదిరింది ఆ రోజుల్లో.

అప్పుడే బండ దగ్గర దిక్కుల బల్ల పెట్టాలని మిత్రమండలి తీర్మానించింది. అంటే నల్లటి లావా రాతి పలక. దాని మీద ఎదురుగా కనిపించే కొండలన్నీ గీసి, ఏది ఏదో, ఎంత ఎత్తో రంగుల్లో రాసి కొలిమిలో కాలుస్తారు. మా వైపు ప్రతి ఎత్తైన చోటా ఉంటాయి అవి, వందేళ్ళైనా చెక్కుచెదరవు. కింద భాగంలో దొరసాని కథ పది లైన్లలో ఉండాలి. ఎప్పటిలాగే రెజిస్ నోటితో చెప్పాడు, నేను టైపు చేశాను. కార్ఖానాతో ఉత్తరాలు, ఫోన్లు, కొండల ఎత్తులు సరిచూడడం అంతా నా వంతు. అక్కడ పనిచేసే కొరాలీ అనే అమ్మాయి ఫోన్లో చెప్పింది:

"మదామ్, అసలు సైజులో కాగితం మీద నమూనా పంపిస్తాను. మీ అధ్యక్షుడు దాని మీద 'కాల్చవచ్చు' అని రాసి సంతకం చెయ్యాలి. దయచేసి మూడుసార్లు చదవమనండి. తొమ్మిది వందల డిగ్రీల్లో కాలాక ఒక్క చుక్క కూడా మార్చలేం. మార్చాలంటే పలకని పగలగొట్టాల్సిందే."

"ఏమీ చెయ్యలేరా?"

"దేవుడు కూడా ఏమీ చెయ్యలేడు మదామ్."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. బఠాణీలు వలవాల్సి ఉంది. వలిచాను. వలవడం పూర్తయ్యేసరికి ఏం చెయ్యాలో తేలిపోయింది. పది లైన్లు రాశాను. పదకొండేళ్ళు చదివినదాన్ని కదా, ఒక్క మాట కూడా వెతుక్కోలేదు. చివర నా పేరు పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. సొలాంజ్ వెసాద్ అని రాసి, కొట్టేశాను. సొలాంజ్ దెల్రియూ అని రాశాను. అది మా నాన్న పేరు, నేను పుట్టిన పేరు. పెళ్ళిరోజు నుంచి దాన్ని ఓటరు కార్డు మీద తప్ప ఎక్కడా చూడలేదు.

ఆ లైన్లు కార్ఖానాకి పంపాను, వాటితో వేసిన నమూనా బుధవారం వచ్చింది. దొంగతనంగా సంతకం పెట్టించుకోవాలని నాకు లేదు. రెజిస్ ఏనాడైనా నేను రాసింది చదువుతాడా లేదా అన్నది తేలాలి నాకు. చదివితే అక్కడే ఆగిపోతుంది అంతా, నేను రాసింది మళ్ళీ అట్టపెట్టెలో పెట్టి మూస్తాను. మధ్యాహ్నం ఆయనకి ఇష్టమైన బంగాళాదుంపల చీజ్ వేపుడు వడ్డించి, పళ్ళెం పక్కన ఆ పెద్ద కాగితం పరిచాను.

"పలక నమూనా. సంతకం కావాలి. ముందు చదువు" అన్నాను.

"ఊఁ" అన్నాడు, కొండల బొమ్మ వైపు చూస్తూ. "రంగులు బాగున్నాయి. ప్లోం దు కంతాల్ శిఖరం ఎత్తు సరిచూశావా?"

"చూశాను. కింద రాసిందీ చదువు, రెజిస్."

"నువ్వు చదివావుగా?"

"చదివాను. నువ్వు కూడా చదవాలి. కాలాక మార్చలేరట."

"అబ్బా, సొలాంజ్! చల్లారిపోతోంది. నా కథ నాకే చదివి వినిపిస్తావా? తప్పులేమైనా ఉన్నాయా?"

"ఇప్పుడు ఒక్క తప్పు కూడా లేదు."

"మరింకేం" అంటూ ఫోర్కు కింద పెట్టకుండానే కుడిచేత్తో పెన్ను అందుకుని, 'కాల్చవచ్చు' అని రాసి, కింద తోక తిప్పుతూ సంతకం చేశాడు. బొటనవేలి చీజ్ మరక కూడా పడింది. నేను కాగితం మడిచి కవర్లో పెట్టాను. మూడుసార్లు చెప్పాను చదవమని. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన మీద నాకు మిగిలిన కాస్త జాలి ఆ సంతకం తోకతో తెగిపోయింది. వెళ్ళి సంతకంతో సహా ఒక నకలు తీయించి, అసలుది తపాలా డబ్బాలో వేసి, నకలు మేయర్ ఆఫీసులో ఇచ్చొచ్చాను, పద్ధతి ప్రకారం. అక్కడ కూడా ఎవరూ చదవలేదు, నేను తెచ్చిందే కదా.

ఆ తర్వాత ఆరు వారాలు ఆయన్ని ఒక్కమాట కూడా అనలేదు. అడిగినవన్నీ వండాను. "ఈ మధ్య నీ మొహం కళకళలాడుతోంది" అన్నాడొకరోజు. "కొండగాలి" అన్నాను. పలక వచ్చింది, చెక్కపెట్టెలో. పనివాళ్ళు దాన్ని బండ దగ్గర దిమ్మె మీద బిగించి, పైన ముసుగు కప్పి వెళ్ళారు. సెప్టెంబరులో పాత కట్టడాల పండగ రోజున ముసుగు తీస్తారు. ఆ పొద్దున రెజిస్ తెల్లచొక్కా నేనే ఇస్త్రీ చేశాను. కాలర్ మీద ఒక్క ముడత లేకుండా చేశాను. అందరూ ఆయన్నే చూడబోతున్నారు కదా.

రెండు వందల మంది దాకా వచ్చారు. జిల్లా నుంచి ఉప అధికారిణి వచ్చింది, మేయర్ ఆర్మాన్ పదవికి గుర్తుగా మూడు రంగుల పట్టీ భుజం మీంచి వేసుకున్నాడు. ముందు కుర్చీల్లో ఊరి పెద్దవాళ్ళు, రొట్టెల దుకాణం ఫెర్నాందమ్మ కూడా. కార్ఖానా నుంచి కొరాలీ వచ్చింది, ఒక పక్కగా నిలబడింది. నేను మూడో వరసలో, మామూలుగానే. మేయర్ తాడు లాగాడు. ముసుగు జారింది. ఎండకి ఆ పలక నీలంగా, ఆకుపచ్చగా మెరిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెజిస్ అప్పటికే అలవాటు ప్రకారం పలకకి వీపు పెట్టి, మైకు పుచ్చుకుని, జనం వైపు తిరిగిపోయాడు.

"మిత్రులారా," అన్నాడు, గొంతు కిందికి దించి, "ఈ బండ ఒక కన్నీటి చుక్క."

మొదలుపెట్టాడు. యుద్ధం, రెండేళ్ళు, చెవిలో ఊదిన మాట. ఆయన చెబుతుంటే ముందు వరసల వాళ్ళు ఆయన భుజాల మీదుగా పలక చదువుతున్నారు. మా బడి టీచరమ్మ పెదాలు కదులుతున్నాయి. ఆవిడ పక్కవాళ్ళని మోచేత్తో పొడిచింది. వాళ్ళు కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. రెజిస్ అది వెక్కిళ్ళనుకున్నాడో ఏమో, గొంతు ఇంకా పెంచాడు. "ఒక్క మాట మాట్లాడలేదు ఆ మహాతల్లి! తెల్లని బట్టలు కట్టుకుని, కళ్ళు మూసుకుని..."

"ఆగవయ్యా రెజిస్!" అని అరిచింది ఫెర్నాందమ్మ. "ఆవిడ దూకలేదటగా!"

"ఎవరన్నారమ్మా?"

"ఎవరంటావేంటి, నీ వెనకాలే రాసుంది! మీ తాతల సత్రానికి బేరాల కోసం పుట్టించిన కథట!"

జనం ఒక్కసారిగా నవ్వారు. రెజిస్ వెనక్కి తిరిగాడు. ఆయన మెడ వెనక భాగం, నేను ఇస్త్రీ చేసిన తెల్ల కాలర్ పైన, నెమ్మదిగా ఎర్రబడ్డం చూశాను. ఎంత ఎర్రబడుతుందో అంతా చూశాను, ఒక్క క్షణం కూడా వదులుకోలేదు. నాకు జాలి వేస్తుందేమోనని భయపడ్డాను గానీ వెయ్యలేదు. సంతోషంగా ఉంది.

"ఇది... ఇది కార్ఖానా వాళ్ళ పొరపాటు" అన్నాడు మైకులో.

కొరాలీ మొహం పాలిపోయింది. "కాదండీ, నమూనా మీద మీ సంతకం ఉంది" అంది. మేయర్ చేతిలో ఫైలు ఉండనే ఉంది. తీసి చూశాడు, కళ్ళు చిట్లించాడు. "నీ సంతకమేనయ్యా. 'కాల్చవచ్చు' అని రాశావు కూడా. ఇదేంటి, చీజా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

అప్పుడు రెజిస్ మూడో వరస వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏదో ఒకటి అందించు, అని. నన్ను కాపాడు, అని కూడా ఉంది ఈసారి. "సొలాంజ్... నువ్వు చెప్పు వీళ్ళకి" అన్నాడు.

"కార్ఖానా అమ్మాయి తప్పేం లేదు. రాసింది నేను. చదవమని నీకు మూడుసార్లు చెప్పాను. ఇప్పుడు చదువు రెజిస్. మైకు నీ చేతిలోనే ఉంది" అన్నాను.

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు పళ్ళ మధ్య నుంచి, మైకు దగ్గరున్న సంగతి మర్చిపోయి. రెండు వందల మందీ విన్నారు.

ఉప అధికారిణి కుర్చీలో ముందుకు వంగింది. "చదవండి వెసాద్ గారూ. నాకు ఇక్కణ్ణించి చిన్న అక్షరాలు కనిపించడం లేదు" అంది.

ఇంక తప్పలేదు. పలక వైపు తిరిగి, చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, చదివాడు. "దొరసాని గిల్బెర్త్ ఈ బండ మీంచి దూకలేదు. 1698 మార్చిలో కోట ముందువాకిలి గుండా నడిచి వెళ్ళి, తనని కొట్టిన భర్త మీద సాఫ్లూర్ కోర్టులో దావా వేసి గెలిచింది." ఆ మంచి గొంతు ఎక్కడికి పోయిందో, బడిపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టుంది. "పుట్టింటి పిండిమరని తిరిగి దక్కించుకుని, కింద కనిపించే నదీతీరాన ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపింది. దూకిందన్న కథ 1874లో వెసాద్ సత్రం ప్రకటన కోసం పుట్టింది." అక్కడ ఆపి, మైకు దించబోయాడు.

"ఇంకో లైనుంది" అన్నాను.

అందరూ ఆయన్ని చూస్తున్నారు. "పాత రిజిస్టర్లు పదకొండేళ్ళు చదివి," అన్నాడు, "ఈ సంగతి వెలికితీసిన వారు... సొలాంజ్ దెల్రియూ."

ఆ పేరు ఆయన నోట నేను చివరిసారి విన్నది మా పెళ్ళినాడు, అప్పటి మేయర్ ముందు. తర్వాత ఎన్నిసార్లు విని ఉండాల్సిందో లెక్కలేదు. ఇప్పుడు ఒక్కసారి వినడం నాకు సరిపోలేదు. వరసలోంచి బయటికి వచ్చి, జనం మధ్య నుంచి నడిచి, ఆయనకి ఎదురుగా నిలబడ్డాను.

"ఇంకోసారి చదువు" అన్నాను. "వెనకవాళ్ళకి వినిపించలేదు."